మూడో వరుస ప్రేక్షకుడు

4 మే 1911, గురువారం

పొద్దున్నే ఆశ్చర్యం. నా వాక్యం అచ్చయింది.

రొట్టె కొనడానికి వెళ్ళి పక్కనున్న పత్రికల బల్ల దగ్గర ఆగాను. మా పేట వారపత్రిక, నాలుగో పేజీ, కింద మూల, పళ్ళపొడి ప్రకటన పైన. నేను ఎనిమిది వాక్యాలు పంపితే అయిదే వేశారు. కానీ అది ఉంది. అది ఉంటే చాలు.

"బలూషే ఇప్పుడు పడటం లేదు. కుర్చీ కోసం చేతులతో వెతుక్కునే ముసలాయనలా, నెమ్మదిగా నేల మీద కూర్చుంటున్నాడు."

కింద సంతకం: మూడో వరుస ప్రేక్షకుడు.

అది నేనే. రాసింది పదిహేడేళ్ళ ఆడపిల్ల అని పత్రికవాళ్ళకి తెలియదు. అక్కడే నిలబడి ఏడుసార్లు చదివాను. "వెతుక్కునే" దగ్గర వాక్యం ఊపిరి తీసుకుని, "కూర్చుంటున్నాడు" దగ్గర నిజంగా కూర్చుంటుంది. ముందు "తడుముకునే" అని రాసి కొట్టేశాను. కొట్టేసి మంచి పని చేశాను. రొట్టె మర్చిపోయి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళాను.

ఎలా పుట్టిందో రాసి పెట్టుకోవాలి. పోయిన గురువారం, బడి సెలవు రోజు, నా తరగతి ఎర్మిన్‌తో కలిసి కోట దగ్గర సినిమా హాలుకి వెళ్ళాను. మధ్యాహ్నం రెండు గంటలకి వేసే ఆట. "బలూషే ఇల్లు మారాడు" అనే బొమ్మ వేశారు. బలూషే నెత్తి మీద కుర్చీల మోపుతో మెట్ల మీంచి దొర్లే చోట ఎర్మిన్ ఆవులించింది. "ఏమే సొలాంజ్, వీడు ముసలాడైపోయాడు చూశావా?" అంది. "అవును, పాపం" అన్నాను. ఆ రోజే ఇంటికొచ్చి రాశాను.

ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా రాయలేని మాట ఒకటుంది. బలూషే మా నాన్న.

ఎర్మిన్ వాళ్ళ నాన్న దస్తావేజులు రాయించే పెద్దమనిషి. మా నాన్న సారా పీపాల కంపెనీ తరఫున ఊళ్ళు తిరుగుతాడని ఆమెతో చెప్పాను. బడిలో చేరిన మొదటి వారంలో చెప్పిన మాట అది. ఇప్పుడు మార్చడానికి వీలవుతుందా?

నాన్న పత్రికలు చదవడు. అక్షరాలు కూడబలుక్కుంటాడు. తెర మీద ఆయన అసలు పేరు, అంతెల్మ్ రూవ్రే, ఎక్కడా రాదు కూడా. కనక ఎవరికీ ఏమీ కాలేదు.

నేను రాసింది అబద్ధం కాదు. చూసిందే రాశాను.

5 మే, శుక్రవారం

ఎర్మిన్ ఆ పత్రిక బడికి తెచ్చి, విరామంలో నా వాక్యం పైకి చదివింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే కొంచెం ఎక్కువే నవ్వాను.

7 మే, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలు. ముల్లంగులు, వెన్న, కుందేలు కూర. నాన్న కోటు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడత మీద పళ్ళపొడి బొమ్మ కనబడగానే నాకు అర్థమైపోయింది.

"దెల్‌ప్యూ ఇచ్చాడు" అన్నాడు నాన్న. దెల్‌ప్యూ అంటే ఎండ పడేలా అద్దాల కప్పు వేసిన షెడ్డులో నాన్నతో బొమ్మలు తీసే ఆయన. "'చదువుకో రూవ్రే, నీ గురించే' అన్నాడు. నేను చదివేసరికి కూర చల్లారిపోద్ది. నువ్వు చదువు తల్లీ."

చదివాను. నా వాక్యం, నా గొంతుతో, ఆయన మొహం ముందు. "ముసలాయనలా" దగ్గర నాలిక తిరగలేదు.

"గట్టిగా చదవవే. అంత చదువు చదివేది గొణగడానికా?" అంది అమ్మ.

గట్టిగా చదివాను. నాన్న నములుతున్నది ఆపేశాడు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ఎవడు వాడు?" అంది అమ్మ. "టికెట్టు కొనుక్కున్నవాడు నవ్వుకుని ఇంటికి పోవాలి గాని, నా మొగుడి వయసుతో వాడికేం పని? ఒక్కసారి మన మెట్ల మీంచి తోస్తే తెలుస్తుంది వాడికి, కుర్చీ ఎక్కడుందో."

నాన్న నవ్వాడు. ఆ తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే వాటిని సొంతంగా అందంగా మార్చుకునే హక్కు నాకు లేదు.

"లేదు క్లెమాన్స్. వీడికి కళ్ళున్నాయి. సర్కస్‌లో పన్నెండేళ్ళు, ఇక్కడ అయిదేళ్ళు, రోజూ పడుతూనే ఉన్నాను. నేను పడటం గురించి ఇంత బాగా ఎవడూ చెప్పలేదు."

"తిట్టాడయ్యా నిన్ను."

"తిట్టాడు. చూసి తిట్టాడు. మోకాలు నెల రోజులుగా నాకు చెబుతూనే ఉంది, నేనే వినలేదు."

"నీ మోకాలా? నిన్న కూర మాడిన వాసనొస్తే నాకంటే ముందు వంటింట్లో ఉంది నీ మోకాలు."

నాన్న ఆ కాగితాన్ని గడ్డం గీసుకునే అద్దం అంచున గుచ్చాడు. "రోజూ చూసుకోవాలి" అన్నాడు.

8 మే, సోమవారం

నేను జడ వేసుకునేదీ ఆ అద్దంలోనే.

నేను రాసింది అబద్ధం కాదు.

10 మే, బుధవారం

ఈరోజు అద్దాల షెడ్డులో బలూషే కోటు ఇంకొకడికి తొడిగారు.

నాన్న నవ్వుతూనే చెప్పాడు, అమ్మ మాత్రం నవ్వలేదు. వాడి పేరు పోలిత్. ఇరవై రెండేళ్ళు, ఏదో సర్కస్ నుంచి వచ్చాడు. నాన్నని "మాస్టారూ" అంటాడట. బలూషే అనే పేరూ, గళ్ళ కోటూ, టోపీ, అన్నీ బొమ్మలు తీసే కంపెనీవి. వాటిని ఎవరు తొడుక్కుంటే వాడే బలూషే. అలా అని నాన్న ఎప్పుడో సంతకం పెట్టాడు. ఈ పనిలో అది కొత్త కాదు. ఇంకో కంపెనీలో ఒక పేరు కింద ముగ్గురు మనుషులు మారారట, ఏ ప్రేక్షకుడూ ఉత్తరం ముక్క రాయలేదట.

"కోటు వాడికి చంకల దగ్గర చక్కగా సరిపోయింది" అన్నాడు నాన్న. "నాకు బిగుతు. బిగుతుగా ఉండాలనే కదా కుట్టించింది? సరిపోతే ఇంక నవ్వేదెక్కడ? అదే అన్నాను దెల్‌ప్యూతో."

"ఏమన్నాడు?"

"'ఇంకా చిన్నది కుట్టిద్దాంలే' అన్నాడు."

అమ్మ గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది. అసలు సంగతి నాన్న అప్పుడు చెప్పాడు. వచ్చే బుధవారం, ఎండ ఉంటే, "బలూషే కిటికీ తుడిచాడు" తీస్తారు. కంపెనీ పెద్దలొచ్చి నిలబడి చూస్తారు. ఆ పడటం నచ్చితే కోటు నాన్నదే. నచ్చకపోతే పోలిత్‌ది.

రెండో అంతస్తు కిటికీ. ఇలాంటి చోట ఏం చేస్తారో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కెమెరా తిప్పడం ఆపి, గడ్డిబొమ్మకి కోటు తొడిగి కిందికి తోస్తారు. మళ్ళీ ఆపి, బొమ్మ పడిన చోట నాన్న పడుకుంటాడు. తిప్పడం మొదలుపెట్టగానే లేచి దుమ్ము దులుపుకుంటాడు. చూసేవాళ్ళకి ఒకే మనిషి పడి లేచినట్టుంటుంది.

"గడ్డిబొమ్మ వద్దన్నాను" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వంక చూసింది. "ఏమన్నావూ?"

"నేనే పడతాను. కింద గోనెపట్టాలు రెండు చాలు. ఎక్కువ మెత్తగా ఉందని తెలిస్తే ఒళ్ళు బద్ధకిస్తుంది. అందుకే నెమ్మదిస్తున్నానేమో. గడ్డిబొమ్మని తోస్తే దెల్‌ప్యూ కనిపెట్టలేకపోవచ్చు గాని, మూడో వరుస ఆయన కనిపెట్టేస్తాడు."

ఆయన. మొన్నటిదాకా "వీడు". ఇప్పుడు "ఆయన".

భోజనం అయ్యాక పెరటి వెనక పీచ్ పళ్ళ తోట గోడ మీదెక్కి దూకడం మొదలుపెట్టాడు. నేను గదిలో వ్యాసం రాసుకుంటున్నాను. దబ్. కొంచెం సేపు ఏమీ లేదు. దబ్. ఆ కొంచెం సేపు గోడ ఎక్కే సేపు. అది ప్రతిసారీ పెరుగుతోంది.

తర్వాత నా గదిలోకొచ్చాడు, మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని.

"నువ్వు చదువుకున్నదానివి. ఒక ఉత్తరం రాసిపెట్టాలి. ఆ మూడో వరుస ఆయనకి."

రాశాను. ఆయన చెబుతుంటే, నాకు నేనే:

"అయ్యా, నేను బలూషేని. మీరు రాసింది మా అమ్మాయి చదివి వినిపించింది. మీ మీద నాకు కోపం లేదు. ఒక్కటే అడుగుతాను. మెట్ల మీద పడటంలో నాలుగు భాగాలుంటాయి. కాలు జారడం, చేతులు వెతకడం, నడుం వదిలెయ్యడం, నేల. వీటిలో ఎక్కడ ఆలస్యమైందో మీకు కనబడి ఉంటుంది. దయచేసి బుధవారం లోపల చెబితే సరిచేసుకుంటాను."

"'దయచేసి' అని రాయనా, 'మన్నించి' అని రాయనా?" అని అడిగాను. నిజంగా అడిగాను. కలం చేతిలో ఉంటే నాకు అదే ముఖ్యం.

"నీకు తెలుసు కదా ఏది బావుంటుందో" అన్నాడు.

చేతులు వెతకడం రెండో భాగమట. దానికో లెక్క ఉందట. నేను ఆ మాట అందం కోసం రాశాను.

ఉత్తరం పోస్టు చేశానని చెప్పాను. ఈ పుస్తకంలో ఉంది.

11 మే, గురువారం

ఆయనకి జవాబివ్వాలి కదా. ఎక్కడ ఆలస్యమైందో నాకూ తెలియదు. పోయినసారి బొమ్మ కంటే ఎర్మిన్‌నే ఎక్కువ చూశాను. అందుకని ఈరోజు ఒంటరిగా అదే హాలుకి వెళ్ళాను. ఆ యజమాని బొమ్మలు కొనేసి, చిరిగేదాకా వేస్తూనే ఉంటాడు. రెండు గంటల ఆట, మూడో వరుస, అదే బెంచీ.

నాలుగు భాగాలూ వేళ్ళ మీద లెక్కపెడుతూ చూశాను. నాలుగూ నెమ్మదే. జారడం నెమ్మది, వెతకడం నెమ్మది, నేల కూడా నెమ్మదిగా వచ్చింది. ఒక పక్క గుండె బరువెక్కింది, ఇంకో పక్క (ఇది కూడా రాయాలి) హాయిగా అనిపించింది. నా వాక్యం నిజమే. నేను మంచి రచయితనే.

బయటికొచ్చేసరికి వాన. నాలుగు గంటల ఆటకి సిపాయిలూ పిల్లలూ గేటు దాకా బారు తీరి ఉన్నారు. తడవలేక వాళ్ళతోపాటు మళ్ళీ లోపలికి వెళ్ళాను.

అదే బొమ్మ. నాన్న మెట్ల పైన నిలబడ్డాడు, కుర్చీల మోపు ఎత్తాడు, అంతలోనే కింద ఉన్నాడు. పెంకు జారి పడ్డట్టు. హాలంతా ఒక్కసారి అరిచింది. నా పక్క సిపాయి నా భుజం మీద కొట్టి, "చూశావా అమ్మాయ్, చూశావా" అని, తర్వాత సిగ్గుపడి టోపీ తీశాడు.

ఆట అవగానే బొమ్మ వేసే మిషను గది నిచ్చెన ఎక్కాను. గ్రాంజాన్ అని ఒక ముసలాయన, చొక్కా చేతులు మడిచి, మిషను తిప్పే పిడి పక్కన నిలబడి చెయ్యి నొక్కుకుంటున్నాడు.

"బలూషే రెండింటికి నెమ్మదిగా పడ్డాడు, ఇప్పుడు వేగంగా పడ్డాడు. ఎందుకు?" అని అడిగాను.

నన్ను కింది నుంచి పైకి చూశాడు. "ఎక్కడి నుంచి వచ్చావమ్మాయీ? రెండింటికి ఇరవై మంది వస్తారు. బొమ్మలు తక్కువ. ఆట గంటన్నర నిండకపోతే యజమాని ఊరుకోడు. అందుకని నెమ్మదిగా తిప్పుతాను. మరీ నెమ్మదైతే దీపం వేడికి ఫిల్ము అంటుకుంటుంది, అది కూడా చూసుకోవాలి. నాలుగింటికి బయట జనం ఉంటారు, అయిదింటికి ఇంకో ఆట పడాలి. గబగబా తిప్పేస్తాను."

"అయితే బలూషే?"

"రెండింటికి ముసలాడు, నాలుగింటికి కుర్రాడు." పిడి చూపించాడు. "వాడి వయసు ఇదిగో, ఇందులో ఉంది."

నిచ్చెన దిగేటప్పుడు గుర్తొచ్చింది. రెండు గంటల ఆటలో కుక్క కూడా నెమ్మదిగానే పరిగెత్తింది. రోడ్డు మీద బండి, పొగ, గాలికి ఎగిరిన పరదా, అన్నీ. రెండుసార్లు చూశాను. అన్నీ నెమ్మదిగా ఉన్న చోట ఒక్క మా నాన్నే ముసలాడిలా కనబడ్డాడు.

నేను చూసిందే రాశాననుకున్నాను. ఎర్మిన్ అన్నది రాశాను. బాగా రాశాను.

12 మే, శుక్రవారం

చెప్పాను. సగం చెప్పాను.

నాన్న పెరట్లో మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. "నాన్నా, ఆ కోట దగ్గర హాల్లో రెండు గంటల ఆటకి పిడి నెమ్మదిగా తిప్పుతారట. మూడో వరుస ఆయన ఆ ఆటకే వెళ్ళి ఉంటాడు" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఎర్మిన్."

నాన్న నూనె చెయ్యి ఆపి ఆలోచించాడు. నాకు ఆశ పుట్టింది.

"పిడి సంగతి నాకు తెలియందా తల్లీ. తిప్పేవాడి చేతిలో పడి రోజూ చచ్చి బతుకుతుంటాను. కానీ ఒక మాట చెప్పు. నువ్వు చదువుకున్నదానివి. అంత చక్కటి మాట రాయగలిగినవాడు ఆమాత్రం పోల్చుకోలేడా? అందులో కుక్క ఉంది కదా, పరిగెడుతుంది. అది చూస్తే తెలిసిపోదూ? చూసే ఉంటాడు. అలాంటివాడు అలాంటి పొరపాటు చెయ్యడు."

"చెయ్యొచ్చు కదా."

"చేస్తే అలా రాయలేడు."

వాక్యం అంత బాగుండకపోయి ఉంటే ఆయన నా మాట నమ్మేవాడు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఆ నూనె ఇలా ఇవ్వు నాన్నా, నేను రాస్తాను" అన్నాను. రాశాను. మోకాలు వేడిగా ఉంది.

13 మే, శనివారం

ఒక ఉపాయం. మూడో వరుస ప్రేక్షకుడే తప్పు ఒప్పుకుంటే సరిపోతుంది కదా. ఎడమ చేత్తో, విడి అక్షరాలతో రాశాను:

"బలూషే గారికి. మీ ఉత్తరం అందింది. నేను పొరబడ్డాను. మళ్ళీ చూశాను. మీరు చాలా వేగంగా, చాలా చక్కగా పడుతున్నారు. మీలో ఏ లోపమూ లేదు. మీ ఆరోగ్యం జాగ్రత్త. ప్రమాదమైన పనులు చేయవద్దు."

పక్క ఊరి పోస్టులో వేసి నడిచొచ్చాను. దారంతా తేలిగ్గా ఉంది. నిజం చెప్పాను కదా. ఎవరు చెప్పారన్నది అంత ముఖ్యమా?

14 మే, ఆదివారం

దబ్. దబ్. దబ్. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించకపోతే కిటికీ దగ్గరికి పరిగెత్తాను. గోడ మీద కూర్చుని పక్కింటావిడతో మాట్లాడుతున్నాడు. రష్యాలో తనని ఇంకేదో పేరుతో పిలుస్తారనీ, ఆ పేరు పలకాలంటే రెండు నాలికలు కావాలనీ చెబుతున్నాడు. ఆవిడ నవ్వుతోంది. ఆయన ఒక చేత్తో మోకాలు పట్టుకునే ఉన్నాడు.

15 మే, సోమవారం

నేను బడి నుంచి వచ్చేసరికి ఉత్తరం వచ్చి ఉంది. అమ్మ చదివి వినిపించిందట. బల్ల మీద తెరిచి ఉంది.

"జవాబు రాశాడు నాన్నా?" అన్నాను. ఆ "రాశాడు" ఎంత సునాయాసంగా వచ్చిందో.

"రాశాడు. మంచివాడు." నాన్న మొహంలో వెలుగు లేదు. "మనిషి మంచివాడే. నా మోకాలి సంగతి దెల్‌ప్యూ చెప్పి ఉంటాడు. జాలిపడ్డాడు."

"జాలి అని ఎందుకనుకుంటున్నావు? పొరబడ్డానని రాశాడు కదా."

"నువ్వే చదివి చూడు. 'చాలా వేగంగా, చాలా చక్కగా.' ఇది ఆయన మాటేనా? మొదటిది రాసేటప్పుడు ఆయన నన్ను చూస్తూ రాశాడు. ఇది రాసేటప్పుడు నా వంక చూడలేదు. మొదటిది నిజం, ఇది మర్యాద." ఉత్తరం మడిచాడు. "నాలుగు భాగాల్లో ఎక్కడో చెప్పమని అడిగితే, ఆరోగ్యం జాగ్రత్త అంటున్నాడు. అంటే నాలుగూ పోయాయన్న మాట."

పొలం గట్టున ఎవరో ఒకరు కనబడతారని రోజంతా చూసి, చివరికి లేచిపోయే మనిషిలా లేచాడు.

చూశావా సొలాంజ్. ఇప్పుడు కూడా పోలిక వెతుకుతున్నావు. మామూలుగా లేచాడు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, రెండోసారికి లేచాడు.

గోనెపట్టాలు కూడా వద్దని దెల్‌ప్యూకి చెప్పాడట. ఒట్టి ఇసక. "పట్టాలుంటే నడుం వాటి కోసం చూస్తుంది" అన్నాడు.

16 మే, మంగళవారం

పొద్దున మబ్బు. బడికి వెళుతూ ఆకాశం వంక చూసి ఇలాగే ఉండమని వేడుకున్నాను. ఎండ లేకపోతే అద్దాల షెడ్డులో ఎవరూ ఏమీ తీయలేరు. ఒక్క మబ్బు వారం రోజులుంటే పోలిత్ విసుగెత్తి వెళ్ళిపోవచ్చు, కంపెనీ పెద్దలు ఇంకో పని చూసుకోవచ్చు, నేనేమీ చెప్పనక్కర్లేకపోవచ్చు. వానలో తడుస్తూ ఇదంతా లెక్కేసుకున్నాను.

ఎర్మిన్ అడిగింది. "ఏమే, ఏడ్చినట్టున్నావు?"

"మా నాన్న ఊరెళ్ళాడు" అన్నాను.

నాలుగింటికి మబ్బు విడిపోయింది. పడమటంతా ఒక్క మరక లేదు.

పెరట్లో అమ్మ బట్టలు పిండుతోంది. దుప్పటి రెండో కొస పట్టుకోమని పిలిచింది. పట్టుకున్నాను. చెరో వైపు మెలి తిప్పుతుండగా తల ఎత్తకుండానే అంది:

"ఆ ఉత్తరం రాసింది నువ్వే."

దుప్పటి వదిలేశాను. నేల మీద పడింది.

"ఎడమ చేత్తో రాస్తే మాత్రం తెలియదా?" అంది. అమ్మ కంపెనీలో ఫిల్ము మీది గోరంత బొమ్మల్లో రంగు వెయ్యాల్సిన చోట్లు సూదితో కోసే పని చేస్తుంది. ఆ కళ్ళకి ఏమి దాగుతుంది. "నేను చెప్పను. మీ నాన్న పోల్చుకోలేదు. ఆ పత్రికవాడు జవాబివ్వడని నాకు తెలుసు. అలాంటివాళ్ళు ఇస్తారా? వాడి బదులు నువ్వు రాశావు. ఆయన నమ్మకపోతేనేం, మంచి పని చేశావే."

తడి చేత్తో నా తల నిమిరింది. నేను నిమిరించుకున్నాను.

ఆ పత్రికవాడు ఎవడో తెలిస్తే వాడి కళ్ళలో సున్నం కొడతానంది. నేను దుప్పటి తీసి మళ్ళీ జాడించాను.

ఇప్పుడు ఎనిమిది గంటలు. నాన్న రేపటికని పెందలాడే పడుకున్నాడు. నేనెందుకు చెప్పలేకపోతున్నానో ఇక్కడైనా దాచకుండా రాయాలి.

తిడతాడని కాదు. తిడితే భరించగలను. అమ్మ మాట్లాడదని కూడా కాదు. ఎర్మిన్‌కి తెలిసిపోతుందని భయం ఉంది, కానీ అది కూడా కాదు. "రాసింది నేనే నాన్నా" అంటే ఆయన నా వంక చూసి, "నువ్వా? ఇంత బాగా రాశావా?" అంటాడేమోనని. సంతోషపడతాడేమోనని. అద్దం అంచున ఉన్న కాగితం తీసి పక్కింటావిడకి చూపిస్తాడేమోనని. అలా అనే మనిషే ఆయన. అది నేను భరించలేను. ఎందుకంటే అప్పుడు నాకూ లోపల ఎక్కడో సంతోషం వేస్తుంది. నాకు తెలుసు, వేస్తుంది.

వేసినా సరే.

చెప్పాల్సిన మాటలు తొమ్మిది రకాలుగా రాసి చూశాను. అన్నీ కొట్టేశాను. అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట నేను బాగా కనబడుతున్నాను. మిగిలినవి ఇవి: మూడో వరుసలో కూర్చుంది నేను. నిన్ను చూసి సిగ్గుపడి రాశాను. కుక్కని చూడలేదు. గడ్డిబొమ్మని తొయ్యమను.

షెడ్డు దాకా తోడు వెళ్ళి దారిలో చెబుదామనుకున్నాను. అలా అయితే చెప్పను. దారిలో రొట్టెల కొట్టు ఉంది, వంతెన ఉంది, పోలిత్ ఎదురవుతాడు, గేటు వచ్చేస్తుంది. నా సంగతి నాకు తెలుసు.

రేపు పొద్దున అయిదున్నరకి నాన్న గడప దగ్గర చిన్న పీట మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటాడు. తాళ్ళు కట్టాక గోడ పట్టుకుని లేవడానికి కొంచెం సమయం పడుతుంది. ఆయన లేచేలోపల చెప్పేస్తాను.